ఆన్‌లైన్‌లో అందరి ప్రోగ్రాములూ సరిగ్గా వస్తున్నాయి, తరగతిలో అడిగితే నాలుగు వరుసలు చదవలేకపోతున్నారు

పలకా_బలపం

తొమ్మిదో తరగతికి కంప్యూటర్ సైన్స్ చెబుతున్నాను. వారంలో మూడు పీరియడ్లు బడిలోని ల్యాబ్‌లో, రెండు పీరియడ్లు ఆన్‌లైన్‌లో జరుగుతాయి. పోయిన నెల షరతులు, లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే వరుసలు) మొత్తం ఆన్‌లైన్ పీరియడ్లలోనే చెప్పవలసి వచ్చింది. తరగతిలో 32 మంది ఉన్నారు. ఇచ్చిన ఐదు అభ్యాసాలకూ 32 మందీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రాములు రాసి పంపారు. నడిపి చూస్తే దాదాపు అన్నీ సరైన ఫలితమే ఇచ్చాయి. పాఠం బాగా ఎక్కిందని సంతోషించాను.

ఆ తరువాతి సోమవారం ల్యాబ్‌లో కంప్యూటర్లు ఆన్ చేయవద్దని చెప్పి, బోర్డు మీద ఈ నాలుగు వరుసలు రాశాను.

క = 10
గ = క
క = 15
ప్రింట్(గ)

తెరమీద ఏమి కనబడుతుందో కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. 19 మంది 15 అని రాశారు. ముగ్గురు "ఎర్రర్ వస్తుంది" అని రాశారు. సరైన జవాబైన 10 రాసినవారు పది మందే. లూపులు రాసి పంపిన పిల్లలకు, ఒక పేరులోని విలువను మరో పేరుకు ఇవ్వడమంటే ఏమిటో తెలియదన్న మాట ఆ కాగితాలు చూసేదాకా నాకు తెలియలేదు.

ల్యాబ్‌లో అయితే పిల్లల వెనక నడుస్తూ ఉంటాను కాబట్టి ఎవరు ఎక్కడ ఆగారో కనబడుతుంది. ఆన్‌లైన్‌లో నాకు చేరేది పూర్తయిన ప్రోగ్రాము ఒక్కటే. మధ్యలో ఆ బిడ్డ ఏమి ఆలోచించిందో, ఎక్కడ తడబడిందో, ఎవరిని అడిగిందో చూడటానికి మీరు ఏమి చేస్తున్నారో చెప్పగలరా? "అర్థమైందా" అని అడిగితే "అయింది మేడం" అనే జవాబు తప్ప నాకు మరొకటి వినబడటం లేదు.

సున్నా_ఒకటి

దీనికి దూరాన్ని తప్పుపట్టడం సరికాదని నా అభిప్రాయం. నేను పద్నాలుగేళ్లుగా తరగతి గదిలోనే చెబుతున్నాను, ఆన్‌లైన్ పాఠాలు చెప్పింది చాలా తక్కువ. ఇలాంటి ప్రశ్న మా పిల్లలకు ఇచ్చినప్పుడు కూడా సగానికి పైగా ఇదే తప్పు చేశారు. బోర్డు మీది ప్రోగ్రామును రికార్డు పుస్తకంలోకి ఎక్కించి, ప్రాక్టికల్ పరీక్షలో దాన్నే మళ్లీ రాసి, మంచి మార్కులతో బయటపడిన పిల్లలు ఎంతమందో ఉన్నారు. రాయడం వచ్చినంత మాత్రాన చదవడం వచ్చినట్లు కాదు. మీరు కంప్యూటర్లు ఆపి కాగితం ఇచ్చారు కాబట్టి అది బయటపడింది. నిజానికి ఆ కాగితం మొదటి వారంలోనే ఇవ్వవలసింది.

ల్యాబ్_ఇన్‌చార్జి

సున్నా ఒకటి గారు చెప్పింది సగం నిజం. రెండోసగం కూడా చెప్పాలి. నేను ల్యాబ్‌లో ఎప్పుడూ వెనక గోడ దగ్గరే నిలబడతాను. అక్కడి నుంచి 20 తెరలు ఒక్కసారే కనబడతాయి. ఒక అబ్బాయి ఒకే వరుసను రాయడం, మొత్తం చెరిపేయడం, మళ్లీ అదే రాయడం నాలుగుసార్లు చేస్తే, వాడికి తప్పు ఎక్కడుందో తెలియక అదృష్టం మీద ఆధారపడుతున్నాడని నాకు అర్థమవుతుంది. పక్కపక్కన కూర్చున్న ముగ్గురికి ఒకే ఎర్రర్ వస్తే వాళ్లు ఒకరిది ఒకరు చూసి రాశారని తెలుస్తుంది. గదిలో మూడు మూలల్లో ఒకే ఎర్రర్ వస్తే నేను చెప్పిన తీరులోనే లోపముందని తెలుస్తుంది. ఈ రెండింటికీ తేడా తెలియజేసే సాధనం ఆన్‌లైన్‌లో నాకు ఇంతవరకు దొరకలేదు. పలకా బలపం గారి బాధ నాకు పూర్తిగా అర్థమవుతోంది.

దూరపు_బడి

2020 మార్చి నుంచి నేను ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే చెబుతున్నాను. మొదటి ఏడాది నాదీ ఇదే పరిస్థితి. పాఠంలో ఒక్క మార్పు చేశాక చాలా తేడా వచ్చింది: ప్రోగ్రామును నడిపే ముందు అందరూ ఫలితాన్ని ఊహించి తీరాలి.

చేసే పద్ధతి చెబుతాను. నాలుగైదు వరుసల ప్రోగ్రాము తెరమీద పెడతాను. పిల్లలందరూ తమ జవాబును చాట్‌లో టైపు చేసి ఉంచుకుంటారు కానీ పంపరు. 90 సెకన్లు ఆగి, "ఇప్పుడు పంపండి" అంటాను. జవాబులన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి కాబట్టి పక్కవాడిది చూసి రాసే వీలుండదు. రేంజ్(1, 5) అన్న లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందని అడిగిన రోజు, 28 మందిలో 17 మంది 5 అన్నారు. ఆ సంఖ్య కళ్లముందు కనబడ్డాక నేను ముందుకు కదలలేదు. చివరి సంఖ్య లెక్కలోకి రాదని అంతకుముందే మూడుసార్లు చెప్పాను. చెప్పడం వేరు, వాళ్లకు చేరడం వేరు.

ల్యాబ్ ఇన్‌చార్జి గారు అడిగిన సాధనం కూడా ఇందులోనే ఉంది. ఒకే తప్పు జవాబు 17 మంది నుంచి ఒకే క్షణంలో వస్తే, ఆ లోపం నా పాఠానిదే.

పలకా_బలపం

ఒక్కసారే పంపించడం అన్న మాట చాలా ఉపయోగపడేలా ఉంది. అయితే చాట్ అందరికీ కనబడితే తప్పు రాసినవాళ్లు సిగ్గుపడి, తరువాత అసలు రాయడమే మానేస్తారేమో అని సందేహం.

దూరపు_బడి

చాట్ టీచరుకు మాత్రమే చేరేలా పెట్టుకోవచ్చు. జూమ్‌లో ఆ ఏర్పాటు ఉంది. నేను మొదటి నెల అలాగే పెడతాను, పిల్లలకు ధైర్యం వచ్చాక అందరికీ తెరుస్తాను. ఎవరి పేరూ చెప్పకుండా "కొందరు 5 అన్నారు, కొందరు 4 అన్నారు, 5 అన్నవాళ్ల ఆలోచన ఏమై ఉంటుంది?" అని అడిగితే, తప్పు రాసిన పిల్లలే తమ కారణాన్ని వివరించడానికి ముందుకు వస్తారు.

చలరాశి

నేను గణితం, కంప్యూటర్ రెండూ చెబుతాను. పలకా బలపం గారి 19 మంది ఎందుకు 15 అన్నారో నాకు స్పష్టంగా తెలుసు. ఉదయం గణితం పీరియడ్‌లో సమానం గుర్తు రెండు వైపులా ఒకటేనని, అది ఎప్పటికీ నిజమని నేనే చెబుతాను. మధ్యాహ్నం అదే గుర్తును పైథాన్‌లో చూసిన పిల్లలు, గ ఎప్పటికీ క తో సమానం కాబట్టి క మారితే గ కూడా మారుతుందని అనుకుంటారు. అది తెలివితక్కువతనం కాదు, గణితం బాగా నేర్చుకున్నందువల్ల వచ్చిన తప్పు.

అందుకే నా తరగతిలో ఆ గుర్తును "సమానం" అని చదవడం నిషేధం. క = క + 1 అన్నదాన్ని "క లో ఇప్పుడున్న విలువకు ఒకటి కలిపి, వచ్చినదానికి క అని పేరు పెట్టు" అని, కుడివైపు నుంచి మొదలుపెట్టి చదివిస్తాను. గణితంలో క అనేది క + 1 కి సమానమయ్యే అవకాశమే లేదు. ఆ ఒక్క వరుసను గట్టిగా చదివిస్తే చాలు, గుర్తుకు ఇక్కడ అర్థం వేరని పిల్లలకు తడుతుంది. ఆన్‌లైన్‌లో కూడా మైకు ఆన్ చేయించి చదివించవచ్చు.

శోధని

చలరాశి గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. కంప్యూటర్ మన మనసులోని ఉద్దేశాన్ని గ్రహిస్తుందని పిల్లలు నమ్ముతారు. రాయ్ పీ అనే పరిశోధకుడు 1986లోనే దీని గురించి రాశారు. యంత్రం లోపల ఎవరో తెలివైనవారు కూర్చుని ఉన్నట్లు భావించడమే కొత్తగా నేర్చుకునేవారు చేసే అనేక తప్పులకు మూలమని ఆయన చెప్పారు.

మా తరగతిలో ఒక అమ్మాయి మూడు సంఖ్యలు తీసుకుని "పెద్దది" అన్న వేరియబుల్‌ను (విలువకు పెట్టిన పేరును) ప్రింట్ చేసింది. ఎక్కడా పోల్చలేదు. వరుసగా ఇన్‌పుట్ తీసుకుని, చివరిదాన్ని పెద్దది అన్న పేరులో పెట్టింది. తను ఇచ్చిన సంఖ్యలు 3, 7, 9 కావడంతో జవాబు సరిగ్గా వచ్చింది. పేరు పెద్దది అని పెట్టాను కాబట్టి కంప్యూటర్ పెద్దదాన్నే ఉంచుతుంది అని ఎంతో నమ్మకంగా చెప్పింది. నేను ఆ వేరియబుల్ పేరును "చిన్నది" అని మార్చి మళ్లీ నడిపించాను. 9 వచ్చింది. ఆమె తెరవైపు, నావైపు రెండుసార్లు చూసి, "అంటే దీనికి తెలుగు రాదా మేడం" అంది. పేరుకు అర్థం మనకే తప్ప యంత్రానికి లేదన్న సంగతి ఆ పిల్ల మళ్లీ మరచిపోలేదు.

ఇది ల్యాబ్‌లో జరిగింది. ఆన్‌లైన్‌లో ఆ ప్రోగ్రాము నాకు చేరి ఉంటే, 3, 7, 9 తో సరైన ఫలితం చూసి పూర్తి మార్కులు వేసి ఉండేదాన్ని.

రెండో_బెంచీ

నేను టీచరును కాను. బడి చదువు రెండేళ్లు ఆన్‌లైన్‌లో చదివి, ఇప్పుడు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. అటువైపు ఏమి జరిగేదో చెప్పడం అవసరమనిపించింది.

నా దగ్గర ఒక్క ఫోనే ఉండేది. అందులో సార్ పాఠం చూస్తే ప్రోగ్రాము రాసే ఎడిటర్ కనబడదు, ఎడిటర్ తెరిస్తే సార్ తెర కనబడదు. సార్ రాసిన వరుసను గుర్తు పెట్టుకుని, ఇటు వచ్చి టైపు చేసి, మళ్లీ అటు వెళ్లేలోపు ఆయన మూడు వరుసలు ముందుకు వెళ్లేవారు. ఒకరోజు ఆరో వరుసలో ఎర్రర్ అని వచ్చింది. ఆ వరుసను 40 నిమిషాలు చూశాను. అందులో తప్పేమీ లేదు. ఐదో వరుసలో ఒక బ్రాకెట్ మూయలేదని తరువాత స్నేహితుడు చెప్పాడు. ఆరోజు నుంచి నేను ప్రయత్నించడం మానేసి, స్నేహితుడు గ్రూపులో పెట్టిన ప్రోగ్రామునే పంపేవాడిని. సోమరితనం వల్ల కాదు. సరైనది పంపకపోతే సార్ బాధపడతారని, నాకు ఏమీ రాదని తెలిసిపోతుందని భయం.

"అర్థమైందా" అంటే "అయింది సార్" అన్న గొంతుల్లో నాదీ ఒకటి.

పలకా_బలపం

రెండో బెంచీ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా పిల్లల్లో ఎంతమంది ఫోనులోనే చదువుతున్నారో నేను ఇంతవరకు అడగలేదు. రేపే అడుగుతాను.

సున్నా_ఒకటి

ఆ బ్రాకెట్ బాధ గురించి ఒక మాట. 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి, బ్రాకెట్ మూయకపోతే అది ఎక్కడ తెరిచారో ఆ చోటునే చూపించి, మూయలేదని చెబుతోంది. పాత వెర్షన్లు తరువాతి వరుసను చూపించేవి. బడి కంప్యూటర్లలో పాత వెర్షనే ఉండిపోతే, పిల్లలు అనవసరంగా ఇలా గంటలు పోగొట్టుకుంటారు. ల్యాబ్ ఇన్‌చార్జులు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ వారమే వెర్షన్ చూసుకోవాలని కోరుతున్నాను.

ల్యాబ్_ఇన్‌చార్జి

ఇప్పుడే చూశాను. మా ల్యాబ్‌లో ఆరు కంప్యూటర్లలో 3.8 ఉంది. శనివారం మారుస్తాను.

ఇద్దరు_పిల్లల_తల్లి

మా ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్, ఇద్దరు పిల్లలు, ఒకే సమయానికి ఇద్దరికీ ఆన్‌లైన్ పాఠం. పెద్దవాడికి కంప్యూటర్ పీరియడ్ ఉన్న రోజు చిన్నదాని పాఠం ఫోనులో. కెమెరా తప్పనిసరిగా ఆన్ చేయాలని పెద్దవాడి బడిలో నియమం పెట్టారు. కెమెరా ఆన్ చేస్తే మా కనెక్షన్ మీద గొంతు తెగిపోతుంది, పాఠం వినబడదు. ముఖం కనబడటం ముఖ్యమా, పాఠం వినబడటం ముఖ్యమా అన్నది టీచర్లు ఆలోచించాలి.

ల్యాబ్_ఇన్‌చార్జి

ముఖం కనబడకపోతే ఎవరు అయోమయంలో ఉన్నారో మాకు తెలిసేదెలా? గోడకు పాఠం చెప్పినట్లు ఉంటుంది. ఆ నియమం పెట్టినవారి కష్టం కూడా అర్థం చేసుకోవాలి.

దూరపు_బడి

నాకు కూడా మొదట్లో కెమెరా కావాలనే ఉండేది, కానీ నా అనుభవంలో ముఖం చూసి తెలుసుకున్నది చాలా తక్కువ. ప్రోగ్రాము రాస్తున్న పిల్లల ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి, అందరూ తెరవైపే చూస్తుంటారు. నాకు కావలసింది ముఖం కాదు, వాళ్ల చేతిరాత. విలువల పట్టిక కాగితం మీద వేయించి, ఫోటో తీసి పంపమంటాను. ఒక్కో నిలువు గడికి ఒక్కో వేరియబుల్ పేరు, ఒక్కో అడ్డు వరుసకు లూప్ ఒక్కో చుట్టు. ప్రతి చుట్టులో ఏ విలువ మారిందో చేత్తో రాయాలి. ఫోను ఒక్కటే ఉన్న పిల్లలు కూడా ఇది చేయగలరు. కొట్టివేతలు చూస్తే ఆలోచన ఎక్కడ మలుపు తిరిగిందో కనబడుతుంది, అందుకే రబ్బరు వాడవద్దని, తప్పైతే గీత కొట్టి పక్కన రాయమని చెబుతాను.

శోధని

ఫోను ఉన్న పిల్లలకు మరో మంచి అభ్యాసం ఉంది. సరైన ప్రోగ్రాములోని వరుసలను కలగాపులగం చేసి ఇచ్చి, వాటిని క్రమంలో పేర్చమనడం. వీటిని పార్సన్స్ ప్రాబ్లమ్స్ అంటారు. డేల్ పార్సన్స్, పట్రీషియా హేడెన్ 2006లో ప్రచురించిన పద్ధతి ఇది. టైపు చేయనవసరం లేదు, కాబట్టి ఫోను కీబోర్డు మీద వరుసల మొదట్లో ఇండెంటేషన్ ఖాళీలు పెట్టలేక పడే అవస్థ తప్పుతుంది. ఆలోచన అంతా ఏ వరుస లూప్ లోపల ఉండాలి, ఏది బయట ఉండాలి అన్నదాని మీదే ఉంటుంది. ఒకటి రెండు తప్పు వరుసలు కూడా కలిపితే, ఏది అక్కరలేదో వాళ్లే ఏరి పక్కన పెట్టాలి. తరగతి గదిలో ఇవే వరుసలను కాగితపు చీటీలుగా కత్తిరించి ఇద్దరికి ఒక కట్ట ఇస్తాను. ఇద్దరు పిల్లలు ఒక చీటీని చెరోవైపు లాగుతూ వాదించుకోవడం వింటే, ఆ పీరియడ్‌లో నేను వేరే ఏమీ చెప్పనవసరం లేదనిపిస్తుంది.

వైవా_వేళ

అందరూ ఒక ముఖ్యమైన విషయాన్ని వదిలేస్తున్నారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, ఇంటి దగ్గర రాసి పంపే ప్రోగ్రాముకు కొలతగా విలువ లేదు. మీరిచ్చిన ప్రశ్నను అందులో పెడితే రెండు క్షణాల్లో శుభ్రమైన ప్రోగ్రాము వస్తుంది. పలకా బలపం గారికి చేరిన సరైన ప్రోగ్రాముల్లో అలా వచ్చినవి ఎన్నో ఎవరికి తెలుసు?

నేను మార్కులన్నీ మూడు నిమిషాల వైవాకు మార్చాను. పీరియడ్‌కు ఐదుగురి చొప్పున, మిగతా పిల్లలు పని చేసుకుంటుండగా పిలుస్తాను. ఆన్‌లైన్ రోజున విడిగా మాట్లాడుకునే బ్రేకవుట్ రూమ్‌లోకి పిలుస్తాను. వాళ్లు పంపిన ప్రోగ్రామునే తెరిచి ఒక్క వరుస మారుస్తాను, ఇప్పుడేమవుతుందని అడుగుతాను. ఉదాహరణకు జవాబు == "అవును" ఆర్ "సరే" అని ఒక షరతు రాస్తాను (ఆర్ అంటే లేదా). "కాదు" అని టైపు చేస్తే ఏమవుతుంది? ఆ షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది, ఎందుకంటే ఆర్ తరువాత ఉన్న "సరే" ఖాళీ కాని స్ట్రింగ్ (అక్షరాల వరుస) కాబట్టి పైథాన్ దాన్ని "నిజం" కిందే లెక్కిస్తుంది. పిల్లలు మొదటిసారి దీన్ని సరిగ్గా చెప్పలేకపోయినా ఫరవాలేదు. నడిపి చూశాక కారణం వెతకగలిగితే నాకు చాలు.

సున్నా_ఒకటి

రెండు ప్రోగ్రాములు ఎంత పోలి ఉన్నాయో చెప్పే సాధనాలు ఉన్నాయి కదా. స్టాన్‌ఫర్డ్‌లో నడిచే మాస్ అనే సేవ 1994 నుంచి ఉంది.

వైవా_వేళ

పెద్ద ప్రోగ్రాములకు అది పనికొస్తుంది. పది వరుసల లూప్‌ను 32 మంది సొంతంగా రాసినా 32 ఒకేలా ఉంటాయి. తొమ్మిదో తరగతిలో దాంతో పట్టుకోబోతే, నిజాయితీగా రాసిన బిడ్డను అనుమానించవలసి వస్తుంది. ఆ తప్పు ఒకసారి నేను చేశాను. ఆ అబ్బాయి తరువాత ఏడాదంతా నా తరగతిలో చేయి ఎత్తలేదు. ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

రెండో_బెంచీ

వైవా వేళ గారి పద్ధతి మాకు ఉండి ఉంటే బాగుండేది. కానీ ఒక మనవి. మొదటి వైవాకు మార్కులు వేయకండి. నాలాంటివాళ్లు అది పరీక్ష అని వినగానే జవాబు బట్టీ పట్టడం మొదలుపెడతారు.

ల్యాబ్_ఇన్‌చార్జి

జంటలుగా రాయించడం గురించి ఎవరూ చెప్పలేదు. ఒకరు కీబోర్డు పడతారు, రెండోవారు చెబుతారు. చెప్పేవారు కీబోర్డు ముట్టుకోకూడదు, కీబోర్డు దగ్గరున్నవారు చెప్పనిది టైపు చేయకూడదు. ఏడు నిమిషాలకు గంట కొడతాను, కుర్చీలు మారతారు. ఈ పద్ధతిలో ఆలోచన నోటిమాటగా బయటికి వస్తుంది కాబట్టి వెనక నిలబడిన నాకు అంతా వినబడుతుంది. ఆన్‌లైన్‌లో ఇది కుదరలేదు. బ్రేకవుట్ రూమ్‌లోకి వెళ్లి చూస్తే ఇద్దరూ మ్యూట్‌లో ఉంటారు.

దూరపు_బడి

నాకూ మొదట అలాగే జరిగింది. గదుల్లోకి పంపే ముందు ఎవరు మొదట మాట్లాడాలో, మొదటి వాక్యం ఏమిటో కూడా చెప్పి పంపడం మొదలుపెట్టాను: అక్షర క్రమంలో ముందున్న పేరు గల పిల్ల స్క్రీన్ షేర్ చేస్తుంది, రెండోవారు మొదటి వరుసను గట్టిగా చదువుతారు. మొదటి మాట పడితే రెండోది దానంతట అదే వస్తుంది. జంటలను కూడా నెలంతా మార్చను, ఎందుకంటే కొత్తవారితో మొదటి పది నిమిషాలు మొహమాటానికే పోతాయి.

చలరాశి

ఆన్‌లైన్‌కే బాగా సరిపోయే పాఠం ఒకటి నాకు దొరికింది. పైథాన్‌లోని టర్టిల్ బొమ్మలు, అంటే తెరమీది తాబేలును నడిపిస్తూ గీసే బొమ్మలు. 1967లో పుట్టిన లోగో భాష నుంచి వచ్చిన ఆలోచన అది. ఆ భాషను రూపొందించినవారిలో ఒకరైన సేమూర్ పాపర్ట్ పిల్లలను తాబేలు స్థానంలో తామే నడుస్తున్నట్లు ఊహించుకోమనేవారు. త్రిభుజం గీయమంటే, గణితంలో నేర్చుకున్న ప్రకారం పిల్లలు 60 డిగ్రీలు తిప్పుతారు. తెరమీద త్రిభుజానికి బదులు సగం షడ్భుజి వస్తుంది. తప్పు అక్షరాల్లో కాకుండా బొమ్మగా కనబడటం వల్ల, ఆ తెర ఫోటో ఒక్కటి పంపితే చాలు, ఆలోచన ఎక్కడ తప్పిందో నాకు తెలిసిపోతుంది. అప్పుడు లేచి నిలబడి గదిలో మూడు అడుగులు నడిచి తిరగమంటాను. మూల దగ్గర తన శరీరం ఎంత తిరిగిందో గమనించిన పిల్ల 60 కాదు 120 అని తానే చెబుతుంది, కెమెరా లేకపోయినా.

శోధని

అక్కడక్కడ టోనీ అనే ఎడిటర్ గురించి వినే ఉంటారు. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తగా నేర్చుకునేవారి కోసమే తయారుచేశారు. ఒక వరుసను ముక్కలు ముక్కలుగా లెక్కకట్టి చూపిస్తుంది, పక్కనే ప్రతి వేరియబుల్ విలువ మారుతూ కనబడుతుంది. ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. బ్రౌజర్‌లో అయితే ఫిలిప్ గువో తయారుచేసిన పైథాన్ ట్యూటర్ పేర్లకూ విలువలకూ మధ్య బాణాలు గీసి చూపిస్తుంది. పలకా బలపం గారి నాలుగు వరుసలను అందులో ఒక్కో అడుగు నడిపిస్తే పిల్లలకు కళ్లకు కట్టినట్లు ఉంటుంది. అయితే పిల్లలు ముందు కాగితం మీద ఊహించాకే దాన్ని తెరవాలి.

పలకా_బలపం

మూడు వారాలు గడిచాయి. జరిగింది చెబుతాను.

ముందుగా ఎవరి దగ్గర ఏముందో అడిగాను. 32 మందిలో 13 మంది ఫోనులోనే చదువుతున్నారు. ఇంతకాలం నాకది తెలియకపోవడం నా పొరపాటే. ఆన్‌లైన్ రోజుల్లో టైపు చేసే పని పూర్తిగా తీసేశాను. ఆ రెండు పీరియడ్లలో ఊహించడం, చీటీలు పేర్చడం, పట్టిక రాయడం మాత్రమే. టైపు చేయడం, తప్పులు వెతకడం అంతా ల్యాబ్ రోజులకు మార్చాను.

పట్టికల ఫోటోలు చూడటం మొదటి వారం చాలా సమయం తీసుకుంది. కానీ ఒక ఫోటో గురించి చెప్పాలి. ఎప్పుడూ నోరు తెరవని ఒక అమ్మాయి, మొత్తం కట్టే లూప్‌కు పట్టిక వేసింది. మొత్తం అన్న గడిలో 1, 2, 3, 4 అని రాసింది. 1, 3, 6, 10 రావాలి. ప్రతి చుట్టులో మొత్తం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందని ఆమె అనుకుంటోంది. నాలుగో గడి దగ్గర మాత్రం 4 కొట్టివేసి పక్కన 10 అని రాసి, అది కూడా కొట్టివేసి మళ్లీ 4 రాసింది. ఆ కొట్టివేత చూసి ఆ రోజే ఫోను చేసి అడిగాను. "10 అనే అనిపించింది మేడం, కానీ ముందు గడులతో కలవలేదని మార్చేశాను" అంది. ముందు గడులనే అనుమానించి ఉండవచ్చు కదా అన్నాను. కాసేపు మాట లేదు, తరువాత నాలుగు గడులూ వరుసగా సరిచేసి చెప్పింది.

సంఖ్యలు మార్చి అదే నాలుగు వరుసల ప్రశ్న మళ్లీ ఇచ్చాను. ఈసారి 26 మంది సరిగ్గా రాశారు. మిగిలిన ఆరుగురిని వైవాకు పిలుస్తున్నాను, మార్కులు లేకుండానే.

సున్నా_ఒకటి

చాలా సంతోషం. అయితే పిల్లలకు వేరియబుల్‌ను ఎలా వివరించారు? డబ్బా అని చెప్పారా?

పలకా_బలపం

అవును. క అన్న డబ్బాలోని విలువను నకలు తీసి గ అన్న డబ్బాలో వేస్తామని చెప్పాను.

సున్నా_ఒకటి

లిస్టుల (ఒకే పేరు కింద వరుసగా ఉంచే విలువల) పాఠం ఎప్పుడు మొదలవుతుంది? ఈ మూడు వరుసలు చూడండి.

క = [1, 2]
గ = క
క.అపెండ్(3)

అపెండ్ అంటే లిస్టు చివర చేర్చడం. ఇప్పుడు గ ను ప్రింట్ చేస్తే [1, 2, 3] వస్తుంది. డబ్బా, నకలు అని నేర్చుకున్న 26 మందీ [1, 2] అని రాస్తారు. మొదట "15" అని రాసిన 19 మంది ఆలోచనే ఇక్కడ సరైన జవాబు ఇస్తుంది. డబ్బా పోలిక సంఖ్యల వరకు పనిచేస్తుంది, లిస్టు రాగానే విరిగిపోతుంది.

చలరాశి

నిజమే. పైథాన్‌లో పేరు అనేది విలువకు కట్టిన చీటీ లాంటిది. గ = క అంటే అదే విలువకు రెండో చీటీ కట్టడం. క = 15 అంటే మొదటి చీటీని విప్పి వేరే విలువకు కట్టడం, అందువల్ల గ కదలదు. అపెండ్ అంటే చీటీలను ముట్టుకోకుండా ఆ విలువనే మార్చడం, అందువల్ల రెండు చీటీలూ మారిన విలువనే చూపిస్తాయి. మొదటి నుంచే చీటీ అని చెబితే తరువాత ఏమీ సరిదిద్దనవసరం లేదు.

ల్యాబ్_ఇన్‌చార్జి

తొమ్మిదో తరగతికి మొదటి నెలలోనే అంత అవసరమా? డబ్బా వెంటనే అర్థమవుతుంది. లిస్టు వచ్చినప్పుడు మార్చి చెప్పుకోవచ్చు.

వైవా_వేళ

ఒకసారి గట్టిగా నాటుకున్న పోలికను పెరికివేయడం కొత్తది నాటడం కన్నా కష్టం. నా ఓటు చీటీకే.

పలకా_బలపం

డబ్బా అని చెప్పడం ఇప్పటికే అయిపోయింది కాబట్టి, ఈ తరగతి పిల్లలకు దాన్ని దాచిపెట్టకుండా వాళ్ల ముందే సరిచేస్తాను. రేపు ల్యాబ్ రోజు. పాత నాలుగు వరుసలు ఎడమవైపు, సున్నా ఒకటి గారి మూడు వరుసలు కుడివైపు వేసి, 32 కాగితాలు అచ్చు తీయించాను. రెండింటికీ జవాబు రాశాక కంప్యూటర్లు ఆన్ చేయిస్తాను. రెండు అట్టముక్కల మీద క, గ అని రాసి, వాటికి దారం కట్టి ఉంచాను. ఒక అట్టను విప్పి మరోదానికి కట్టేది నేను కాదు, పట్టికలో 10 కొట్టివేసిన ఆ అమ్మాయి. ఈ రోజు సాయంత్రం ఫోనులో అడిగాను, సరేనంది.

దూరపు_బడి

కాగితాలు వచ్చాక ఎడమవైపు సరిగ్గా రాసి కుడివైపు తప్పు రాసినవారు ఎంతమందో తప్పక రాయండి. గురువారం నా ఆన్‌లైన్ తరగతికి అవే రెండు ప్రశ్నలు ఇస్తాను, దారానికి బదులు పైథాన్ ట్యూటర్ బాణాలతో. పక్కపక్కన పెట్టి చూద్దాం.